యాట్‌ల సముద్రం దాటేటప్పుడు దినాలు ఎట్ల గడుస్తయి: మనోళ్ళు మళ్ళ మళ్ళ అడిగే ప్రశ్నలు

మాది మిర్యాలగూడ దిక్కు. మాకు తెలిసిన పెద్ద నీళ్ళంటే సాగర్ డ్యామే, పడవంటే నాగార్జునకొండకు పోయే లాంచీనే. అసుంటి ఊరోడు తెరచాప పడవ ఎక్కి అట్లాంటిక్ సముద్రం దాటిండంటే ఇగ ఊకుంటరా, పెళ్ళిళ్ళల్ల, దావత్‌లల్ల, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల అడిగిందే అడుగుతుంటరు, అందుకే అన్ని ఒక్క తాన రాసి పెడుతున్న. వరుసగ సదవాల్సిన పని లేదు, మీకు కావాల్సిన ప్రశ్న కాడికి పోండ్రి. ఇందుల చెప్పేదంత స్పెయిన్‌కు చెందిన కెనరీ దీవుల నుంచి కరీబియన్ దీవుల దాక పోయే దారి గురించి, నలభై అడుగుల పైచిలుకు పడవ, నలుగురు మనుషులు అనుకోండ్రి.

## పోకముందు

యాట్ అంటే కోటీశ్వరులు పార్టీలు చేసుకునేది కదనే, నువ్వెట్ల ఎక్కినవ్ అన్నా?

అది మోటార్ యాట్, తెల్లగ మూడంతస్తులు ఉంటది, పనోళ్ళు ఉంటరు. నేను చెప్పేది తెరచాపల మీద నడిచే పడవ. వీటి ఓనర్లు ఎక్కువమంది రిటైరైన మొగుడు పెండ్లాలు, ఇల్లు అమ్ముకుని పడవ కొనుక్కున్నోళ్ళు గూడ ఉంటరు. ఇద్దరే ఉంటే మూడు వారాలు రాత్రిళ్ళు మేల్కొనుడు కష్టం, అందుకే ఇంకొకలిద్దర్ని క్రూ కింద తీసుకుంటరు. జీతం ఉండదు. మామూలుగ తిండి ఖర్చుల నీ వాటా నువ్వియ్యాలె, విమానం టికెట్ నీదే. క్రూ కావాలని పెట్టే వెబ్‌సైట్లు, ఫేస్‌బుక్ గ్రూపులు మస్తున్నయి. ఒప్పుకునే ముందు మాత్రం కెప్టెన్ తోని రెండు మూడు సార్లు వీడియో కాల్ మాట్లాడండ్రి, వీలైతే ఒక వారం ముందే పోయి దగ్గర్ల ఒక చిన్న ట్రిప్ తిరిగి చూడండ్రి. మనిషి నచ్చకపోతే ఒడ్డు మీదనే చెప్పి వచ్చెయ్యొచ్చు, నడి సముద్రంల దిగెయ్యలేం.

సముద్రమే లేని తెలంగాణల తెరచాప ఎక్కడ నేర్చుకోవాలె?

హుస్సేన్ సాగర్‌ల. నవ్వకుండ్రి, నిజమే. యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్, ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ అసుంటివి అక్కడనే ఉన్నయి, ఏటా వానకాలంల జాతీయ పోటీలు గూడ అయితయి. అక్కడ ఉండేవి ఒకలిద్దరు కూసునే చిన్న పడవలు, కాని గాలి ఏ దిక్కు నుంచి వస్తుంది, చాప ఎంత లాగాలె అనేది అవే బాగ నేర్పిస్తయి, తప్పు చేస్తే ఎంబటే నీళ్ళల్ల పడతవ్ కాబట్టి. తర్వాత బ్రిటన్ సెయిలింగ్ సంఘం ఆర్‌వైఏ వాళ్ళది కాంపిటెంట్ క్రూ అని ఐదు రోజుల కోర్స్ ఉంటది, పడవల్నే ఉండి నేర్చుకునేది, అది చేస్తే క్రూ కింద తీసుకునుడు సులువైతది.

ఇంకో ముచ్చట. 2017 సెప్టెంబర్ 10 నాడు గోవాల బయలెల్లి ఐఎన్ఎస్‌వీ తారిణి అనే నేవీ పడవ మీద ఆరుగురు ఆడ ఆఫీసర్లు ప్రపంచం చుట్టొచ్చి 2018 మే 21 నాడు తిరిగొచ్చిండ్రు. అండ్ల విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య ఇద్దరు తెలుగోళ్ళే. ఆడోళ్ళు చేస్తరా అని అడిగేటోళ్ళకు నేను ఇదొక్కటే చెప్త.

ఎండకాలం సెలవులల్ల పోవచ్చా?

పోవద్దు. జూన్ నుంచి నవంబర్ ఆఖరు దాక అట్లాంటిక్‌ల హరికేన్ల సీజన్. అది సల్లబడ్డంక నవంబర్ చివర్ల, డిసెంబర్ల పోతరు, అప్పుడు ఈశాన్యం దిక్కు నుంచి వ్యాపార పవనాలు నిలకడగ ఈస్తుంటయి, ఎనక నుంచి నూకుతయి. 1492ల కొలంబస్ గూడ కెనరీల ఆగి ఇదే గాలి పట్టుకుని పోయిండు. ఏఆర్‌సీ అని ఒక ర్యాలీ 1986ల మొదలైంది, ఇప్పుడు ఏటా నవంబర్ల కెనరీలల్ల ఉన్న లాస్ పాల్మాస్ నుంచి కరీబియన్‌ల ఉన్న సెయింట్ లూసియా దీవికి పోతది, వందల పడవలు ఒక్కసారే బయలెల్లుతయి. మన లెక్కల చెప్పాల్నంటే దీపావళి చేసుకుని పోయి సంక్రాంతికి ఇంటికి రావచ్చు.

ఎంత దూరం, ఎన్ని దినాలు పడుతది?

దగ్గర దగ్గర 2,700 నాటికల్ మైళ్ళు, అంటే 5,000 కిలోమీటర్లు. పడవ గంటకు ఐదారు నాట్ల స్పీడ్ తోని పోతది, అంటే తొమ్మిది నుంచి పదకొండు కిలోమీటర్లు, సైకిల్ తొక్కెటోడు దాటేసి పోతడు. కాని రాత్రి పగలు ఆగకుంట పోతది కాబట్టి దినానికి 120 నుంచి 150 మైళ్ళు కొడతది. అట్ల 18 నుంచి 23 దినాలు, గాలి పడిపోతే ఇంకా ఎక్కువ. రిటర్న్ టికెట్ పక్కా తారీఖుకు బుక్ చేసుకోకుండ్రి.

వీసా సంగతేంది?

కెనరీల దిగుడుకు షెంజెన్ వీసా (యూరప్‌ల చాన దేశాలకు కలిపి ఇచ్చే వీసా) కావాలె. పడవ ఎక్కినంక కెప్టెన్ నీ పేరు క్రూ లిస్టుల రాయిస్తడు, బయలెల్లే ముందు పోర్టుల పోలీసుల కాడ పాస్‌పోర్ట్ చూపించి ఎగ్జిట్ అయినట్టు కచ్చితంగ నమోదు చేయించుకోవాలె. అది లేకుంటే నువ్వింకా యూరప్‌లనే ఉన్నట్టు లెక్క, తర్వాత వీసాకు పోయినప్పుడు తిప్పలైతది. అవతల దిగే దీవికి రూల్ ఏందో ఆ దేశం వెబ్‌సైట్‌ల చూసుకోండ్రి, ఒక్కో దీవి ఒక్కో దేశం. వచ్చేది పడవల అయినా పొయ్యేటప్పటి విమానం టికెట్ చూపియ్యమంటరు.

సూట్‌కేస్ నడుస్తదా? ఏమేం పట్టుకపోవాలె?

గట్టి సూట్‌కేస్ నడువదు, పెట్టుడుకు జాగుండదు. మడిచి పెట్టేటట్టు మెత్తటి బ్యాగే. ఎర్ర లైటు ఉండే హెడ్‌ల్యాంప్ ముఖ్యం, తెల్ల లైటు ఏస్తే చీకట్ల అలవాటైన కండ్లు ఖరాబైతయి, పక్కోడు తిడతడు. సలికోటు పట్టుకపోండ్రి, మొదటి వారం రాత్రిళ్ళు బాగనే సలి పెడతది. నల్ల సోలు బూట్లు వద్దు, డెక్ మీద మరకలు పడతయి. పోయే నెల ముందు పండ్ల డాక్టర్‌కు చూపించుకోండ్రి, మూడు వారాలు పంటి నొప్పి తోని ఉండుడంటే నరకం. మాంసం పచ్చళ్ళు, నెయ్యి బ్యాగుల పెట్టుకోకుండ్రి, బయటి దేశాల నుంచి మాంసం, పాల వస్తువులు యూరప్‌లకు రానియ్యరు.

## మొదటి మూడు దినాలు

వాంతులైతయా? నాకు సాగర్ లాంచీల్నే తల తిరుగుతది.

అయితయి. కొత్తోళ్ళకే కాదు, ఏండ్ల నుంచి తిరిగెటోళ్ళకు గూడ మొదటి రెండు మూడు దినాలు అంతో ఇంతో ఉంటది, తర్వాత చెవుల లోపలి బ్యాలెన్స్ అలవాటు పడుతది. గోళీ ఏసుకునేది కక్కొచ్చినంక కాదు, ఎక్కక ముందే. ఏ గోళీ అనేది డాక్టర్‌ను అడగండ్రి, ఎందుకంటే కొన్ని గోళీలు మస్తు నిద్ర తెప్పిస్తయి, ఇంటికాడనే ఒకసారి ఏసుకుని చూసుకునుడు మంచిది.

ఒళ్ళు తిప్పుతుంటే లోపల కూసోవద్దు, డెక్ మీదికి వచ్చి దూరంగ ఆకాశం సముద్రం కలిసే గీత చూసుకుంట కూసోవాలె. ఫోన్ అస్సలే చూడొద్దు. స్టీరింగ్ చేతికిస్తే సగం తగ్గుతది, మనసు అటు పోతది కాబట్టి. కడుపు ఖాళీ పెట్టుకోవద్దు, అటుకులో మరమరాలో నములుకుంట అల్లం ముక్క బుగ్గన పెట్టుకుని ఉండాలె. కక్కాల్సి వస్తే గాలి పోయే దిక్కు చూసుకుని, బెల్టు కొక్కెం తగిలించి ఉన్నప్పుడే. పడవ మీద మొహమాటం మొదటి దినమే పోతది.

పండుకుంటే కింద పడిపోరా? నిద్ర ఎట్ల పడుతది బిడ్డా?

మంచానికి ఒక పక్క మందం గుడ్డ లేపి పైకి తాళ్ళతోని కడతరు, అదే ఆపుతది. ఈ దారిల గాలి ఎనక నుంచి వస్తది కాబట్టి పడవ ఎడమకు కుడికి, ఎడమకు కుడికి పొర్లుకుంటనే పోతది, మూడు వారాలు అంతే. చుట్టూ దిండ్లు కుక్కుకుని ఇరుక్కుని పండుకోవాలె. సప్పుడు గురించి ఎవలూ చెప్పరు: నీళ్ళు గోడకు కొడుతుంటయి, తాళ్ళు కిర్రుమంటయి, గిన్నెల అలమారల ఒక చెంచా అటు ఇటు దొర్లుతనే ఉంటది. పాత ఎర్రబస్సుల ఎనక సీటు కింద తలకాయ పెట్టి పండుకున్నట్టుంటది. ఆ చెంచా ఎక్కడుందో ఎతికి గుడ్డల చుట్టే దాక నిద్ర రాదు. నాలుగో దినానికి ఎంత అలిసిపోతరంటే ఏ సప్పుడూ ఇనపడదు.

ఒడ్డు కనపడకపోతే భయమైతలేదా?

మొదటి పొద్దు జర దిగులైతది. తర్వాత ఒడ్డు లేకపోవుడే నిమ్మలం. పడవలకు అసలు ప్రమాదం రాళ్ళ కాడ, ఒడ్డు కాడ, పెద్ద ఓడలు ఎక్కువ తిరిగే కాడ ఉంటది, నడి సముద్రంల గుద్దుకునేవి చాన తక్కువ.

## నడి సముద్రంల

రాత్రి అయితే పడవ ఎక్కడ ఆపుతరు?

అందరికంటె ఎక్కువ మంది అడిగేది ఇదే. ఎక్కడా ఆపరు. లంగరు ఏసుడుకు కింద నేల అందాలె కద, అక్కడ లోతు నాలుగైదు కిలోమీటర్లు. అందుకే పడవ ఇరవై నాలుగ్గంటలు నడుస్తనే ఉంటది, మనుషులే వంతులేసుకుని పండుకుంటరు.

నైట్ డ్యూటీ ఎట్ల ఉంటది? ఒక్కడివే ఉంటవా?

ముగ్గురుంటే మూడు గంటల డ్యూటీ, ఆరు గంటల రెస్టు. నలుగురుంటే ఇంకా సుఖం. రాత్రి ఒక్కడే డెక్ మీద ఉంటడు, మిగిలినోళ్ళు పండుకుంటరు.

రెండు గొట్టంగ లేపుతరు అనుకో. పదిహేను నిమిషాల ముందే లేపుతరు, బట్టలేసుకుని లైఫ్‌జాకెట్ తొడుక్కుని తాడు కొక్కెం తగిలించినంకనే మెట్ల మీది నుంచి బయటికి కాలు పెట్టాలె. దిగిపోయేటోడు నాలుగు ముక్కలల్ల చెప్పి పోతడు: గాలి ఎంత, ఎటు నుంచి, ఓడలు ఏమన్న కనపడ్డయా, మబ్బు ఎక్కడుంది. మర్యాద తెలిసినోడైతే ఫ్లాస్కుల చాయ్ పెట్టి పోతడు. ఇగ తర్వాత పది నిమిషాలకోసారి లేచి నిలబడి చుట్టూ ఒక్క రౌండు చూడాలె, రాడార్, ఏఐఎస్ (చుట్టుపక్కల ఓడల పేరు, దారి చూపెట్టేది) స్క్రీన్ చూడాలె. పది నిమిషాలే ఎందుకంటే, పెద్ద కంటెయినర్ ఓడ లైటు కనపడ్డ కాడి నుంచి ఇరవై నిమిషాలల్ల మీదికి రావచ్చు. కునుకు పడుతదేమో అని టైమర్ పెట్టుకుంటం. రేడియో 16వ ఛానల్ మీద ఉంటది, ఓడ దగ్గరికి వస్తుంటే పేరు పెట్టి పిలుస్తం, చాన ఓడలల్ల మనోళ్ళు ఉంటరు, ఒక్కోసారి హిందీల మాట్లాడతరు.

చందమామ లేని రాత్రి పడవ ఎనక నీళ్ళు పచ్చగ మెరుస్తయి, నీళ్ళల్ల ఉండే సన్న జీవులు కదిలిస్తే వెలుగిస్తయి. డాల్ఫిన్లు వస్తే నీళ్ళ కింద వెలుగు గీతలు పక్కపొంట ఉరుకుతుంటయి. ఆ గీతల కోసమైనా రాత్రి రెండు గొట్టంగ మొదలయ్యే డ్యూటీ నాకియ్యుమని అడుగుత.

స్టీరింగ్ పొద్దంత ఎవలు పడతరు?

ఆటోపైలట్. లేకుంటే పడవ ఎనక బిగించే విండ్‌వేన్ ఉంటది, కరెంట్ లేకుంట గాలి తోని నడుస్తది. ఇవి రెండూ పోతే చేతుల తోని పట్టాలె, ఇద్దరే ఉంటే గంట గంటకు మారుకుంట పోవుడు ప్రాణం తీస్తది. అందుకే ఆటోపైలట్ స్పేర్ పార్ట్స్ లేకుంట బయలెల్లే కెప్టెన్ తోని పోకుండ్రి.

పొద్దంత ఏం చేస్తరు? బోర్ కొట్టదా?

పని తీరదు. పొద్దుగాల డెక్ చుట్టూ తిరిగి చూసుడు మొదలు: రాత్రి ఎగిరొచ్చి పడ్డ చేపలు ఏరి పారెయ్యాలె, తాళ్ళు ఎక్కడ రాసుకుంటున్నయో వేలు పెట్టి చూడాలె, బోల్టు ఏమన్న ఊడి పడ్డదా చూడాలె. రాపిడే పెద్ద శత్రువు. తాడు అదే చోట మూడు వారాలు రాసుకుంటే తెగుతది, కాబట్టి దినానికో జానెడు జరుపుతం. చాపకు చిరుగు కనపడితే సూది దారం పట్టుకుని కూసోవాలె. తర్వాత వంట, బోళ్ళు తోముడు, పొజిషన్ రాసుకునుడు, వాతావరణం ఫైల్ డౌన్‌లోడ్. మిగిలిన టైమంత నిద్రనే. సాహసం అనుకుని వచ్చినోళ్ళు చానమంది ఇదేంది ఇల్లు సంసారం లెక్కనే ఉంది అంటరు. అవును మరి, ఒంగిపోయిన ఇంట్ల సంసారమే.

ఫోన్ కలుస్తదా? మీ అమ్మకు ఎట్ల తెలుస్తది బాగున్నవని?

ఒడ్డు దాటి కొన్ని మైళ్ళు పోతే మామూలు సిగ్నల్ ఉండదు. శాటిలైట్ మీద నడిచే పరికరాలు ఉంటయి, ఇప్పుడు చాన పడవల మీద స్టార్‌లింక్ గూడ పెట్టుకుంటున్నరు. ఇంట్లోళ్ళకు పడవ ఎక్కడుందో చూపెట్టే ట్రాకింగ్ లింక్ ఇచ్చి పోండ్రి. కాకపోతే ముందే చెప్పండ్రి, ఆ చుక్క ఒక దినం కదలకపోతే పరికరం ఆగిపోయిందని అర్థం, పడవ మునిగిందని కాదు అని. లేకుంటే ఇంటికాడ ఏడుపులు మొదలైతయి.

ఒక్క ముచ్చట జాగ్రత్త. శాటిలైట్ ఫోన్ కొనుక్కుని ఇండియాకు పట్టుకరాకుండ్రి. పర్మిషన్ లేకుంట తురాయా, ఇరిడియం ఫోన్లు మన దేశంల ఉంచుకునుడు నేరం, ఎయిర్‌పోర్టుల పట్టుకుంటరు.

కరెంట్ ఎక్కడిది?

సోలార్ ప్యానళ్ళు, బ్యాటరీలు, తక్కువైతే ఇంజన్ ఒక గంట నడుపుతరు. ఎక్కువ తాగేవి ఫ్రిడ్జ్, ఆటోపైలట్. ఫోన్ ఛార్జింగ్ లెక్కల్నే రాదు.

టైమ్ ఏ దేశంది చూస్తరు?

పడమటికి పోతుంటే 15 డిగ్రీలకు ఒక గంట ఎనకకు పోతది. కెనరీలకు, సెయింట్ లూసియాకు నాలుగు గంటల తేడా. ఐదు దినాలకోసారి గడియారం ఒక గంట ఎనకకు తిప్పుతం, ఆ ఎక్కువొచ్చిన గంట ఎవరి డ్యూటీల పడాలె అని చిన్న పంచాయితీ అయితది. మన ఊరికి ఐదున్నర గంటల తేడా తోని మొదలైతే దిగేటప్పటికి తొమ్మిదిన్నర.

నలుగురు ఒక్క డబ్బల మూడు వారాలు, కొట్లాటలు కావా?

అయితయి, పెద్ద ముచ్చట్ల మీద కాదు. ఆఖరు బిస్కెట్ ఎవలు తిన్నరు, డ్యూటీకి ఐదు నిమిషాలు లేటెందుకొచ్చినవ్, తడి తువ్వాల నా మంచం మీద ఎందుకేసినవ్, ఇసుంటివి. తుఫాన్ వచ్చినప్పుడు అందరూ ఒక్కటైతరు, గాలి లేని దినాలల్లనే మొఖాలు మాడుతయి. నేను చూసినంతల పనికొచ్చింది ఒక్కటే, దినానికి ఒక్క పూట అందరు కలిసి కూసుని తినుడు. పొద్దుమూకక ముందు డెక్ మీద అన్నం తింటే మనసుల ఉన్నది నవ్వుకుంట బయటపడుతది. డ్యూటీకి టైముకు లేచేటోణ్ని ఎవలూ ఏమనరు, ఎంత మంచి సెయిలర్ అయినా లేవనోణ్ని అందరూ తిడతరు.

## నీళ్ళు, తిండి, బాత్‌రూం

తాగే నీళ్ళు ఎట్ల? సముద్రం నీళ్ళు తాగొచ్చా?

తాగొద్దు, లీటర్‌కు 35 గ్రాముల ఉప్పుంటది, తాగితే ఒంట్ల ఉన్న నీళ్ళు గూడ పోతయి. పడవల వాటర్‌మేకర్ అని ఒక మిషన్ ఉంటది. మన నల్లగొండోళ్ళకు దీని గురించి కొత్తగ చెప్పే పని లేదు, ఫ్లోరైడ్ నీళ్ళ పుణ్యాన ఊరూరా ఆర్వో ప్లాంట్లు చూసినోళ్ళం, అదే పద్ధతి. కాకపోతే బోరు నీళ్ళ కంటె సముద్రం నీళ్ళల్ల ఉప్పు ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి పంపు ప్రెషర్ 55, 60 బార్ దాక కావాలె, ఇంట్ల ఆర్వో కంటె దగ్గర దగ్గర పదింతలు. చిన్న మిషన్ గంటకు 30 నుంచి 60 లీటర్లు తీస్తది.

కాని మిషన్‌ను నమ్ముకుని బయలెల్లొద్దు. లెక్క మిషన్ లేదనుకునే ఏసుకోవాలె: తాగుడుకు వంటకు మనిషికి దినానికి నాలుగు లీటర్లు, నలుగురికి 21 దినాలకు 336 లీటర్లు. ట్యాంకుల 400 లీటర్లుంటే బతుకుతం, స్నానాలు బంద్. ట్యాంకు ఖరాబైతే కష్టమని ఇవి కాక సీసాల నీళ్ళు వేరేగ పెడతరు. కుళాయికి కాలు తోని తొక్కే పంపు ఉంటే ఇంకా మంచిది, ఎంత తొక్కితే అంతే వస్తది, ఇడిసిపెట్టి పోవుడు ఉండదు.

మరి స్నానం?

బకెట్‌కు తాడు కట్టి సముద్రం నీళ్ళు తోడుకుని పోసుకునుడు, ఆఖరుకు ఒక లీటర్ మంచినీళ్ళ తోని ఉప్పు కడుక్కునుడు. మామూలు సబ్బు ఉప్పు నీళ్ళల్ల నురగ రాదు, షాంపూ వస్తది, కొబ్బరినూనె సబ్బు గూడ వస్తది. పడవ నడుస్తుంటే బకెట్ ఏసినప్పుడు తాడు చేతికి చుట్టుకోవద్దు, నీళ్ళ గుంజుడుకు మనిషి గూడ పోతడు.

లెట్రిన్ సంగతేంది? (ఇది అందరూ చెవుల అడుగుతరు)

చిన్న రూం, చిన్న కమోడ్, పక్కన చేతి పంపు. సముద్రం నీళ్ళు లోపలికి గుంజి, బయటికి నూకాలె, ఇరవై సార్లన్న కొట్టాలె. తిన్నది తప్ప ఇంకేం అండ్ల పడొద్దు. పైపు జామైతే విప్పేది ఎవలు జాం చేసిండ్రో వాళ్ళే, ఇది ప్రతి పడవల రాయని చట్టం. మొగోళ్ళు గూడ కూసునే పోయాలె. పడవ పొర్లుతుంటది కాబట్టి ఒక చెయ్యి పట్టుకునుడుకే.

వంట పొయ్యి కదలదా? నూనె మీద పడదా?

పొయ్యి రెండు పక్కల ఊచల మీద ఏలాడుతుంటది, పడవ ఒంగినా అది సాపుగనే ఉంటది. గిన్నెలకు చుట్టూ పట్టే కొక్కేలుంటయి. అయినా నూనెల ఏపుడు వద్దు, మిర్చి బజ్జీలు ఒడ్డు చేరినంకనే. అందరికంటె పనికొచ్చేది మన ప్రెషర్ కుక్కర్: మూత బిగిస్తే పల్టీ కొట్టినా ఒలకదు, గ్యాస్ తక్కువ, నీళ్ళు తక్కువ. తెల్లోళ్ళ పడవలల్ల గూడ కుక్కర్ ఉంటది. ఆలుగడ్డలు, గుడ్లు సముద్రం నీళ్ళల్లనే ఉడకబెడతం.

వంట అయినంక గ్యాస్ సిలిండర్ కాడనే బంద్ చెయ్యాలె, ప్రతిసారి. గ్యాస్ గాలి కంటె బరువు, లీకైతే పడవ అడుగుకు పోయి నిలబడుతది, ఇంట్లోలెక్క కిటికీ తెరిస్తే పోదు.

మన తిండి దొరుకుతదా? మూడు వారాలు బ్రెడ్డేనా?

బియ్యం, కందిపప్పు, చింతపండు, పల్లీలు లాస్ పాల్మాస్‌ల దొరుకుతయి. మామిడికాయ తొక్కు, కారప్పొడి, సకినాలు ఇంటికాడి నుంచి పట్టుకపోయిన. సకినాలు నైట్ డ్యూటీకి మస్తు పనికొస్తయి, పొయ్యి ముట్టియ్యకుంట, సప్పుడు చేసుకుంట నమిలితే నిద్ర గూడ పోతది. పచ్చిపులుసు చేసుడు నేర్పిన, పొయ్యి లేకుంటనే అయితది కాబట్టి ఎండ దినాలల్ల కెప్టెన్ అదే చెయ్యిమనేటోడు. కారం మాత్రం చెయ్యి కట్టుకుని ఎయ్యండ్రి, ఒకల కడుపు ఖరాబైతే ఆ చిన్న లెట్రిన్‌ల అందరికీ శిక్ష.

కూరగాయలు కుళ్ళిపోవా?

క్యాబేజీ, గుమ్మడికాయ, ఆలుగడ్డ, ఉల్లిగడ్డ మూడు వారాలు నిలుస్తయి. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ ఒక్క తాన పెట్టొద్దు. ఫ్రిడ్జ్‌ల పెట్టిన కూరగాయలు కొనొద్దు, బయట పెడితే ఎంబటే పోతయి, మార్కెట్‌ల ఎన్నడూ ఫ్రిడ్జ్ చూడనివే కొనాలె. గుడ్లు గూడ అంతే, కడగనివి కొని రెండు దినాలకోసారి తలకిందులు చేస్తే వారాలు నిలుస్తయి. అరటి గెల కట్టుకుంటే అన్ని ఒక్క దినమే పండుతయి, మూడు దినాలు పొద్దు మాపు అరటిపండ్లే. అట్టపెట్టెలు లోపలికి తేనియ్యరు, మడతలల్ల బొద్దింక గుడ్లుంటయి, డాక్ మీదనే అన్ని విప్పి లోపల పెడతరు.

చేపలు పడతరా?

ఎనక తాడుకు గాలం ఏసి ఇడిసిపెడతం. మహిమహి అనే చేప పడితే పండగే. కరీబియన్ దగ్గరికి వచ్చినంక సర్గాసం అనే పసుపు నాచు గాలానికి చుట్టుకుని ఇసుగొస్తది. నలుగురు తిన్నంతనే పట్టాలె, పెద్దది పడితే ఫ్రిడ్జ్ సాలదు.

చెత్త ఏం చేస్తరు?

ప్లాస్టిక్ సముద్రంల ఒక్క ముక్క గూడ ఎయ్యొద్దు, మార్‌పోల్ అని అంతర్జాతీయ చట్టమే ఉంది. కడిగి, కత్తిరించి, సంచిల కుక్కి ఒడ్డు దాక మోసుకపోతం. కూరగాయ తొక్కలు ఒడ్డుకు దూరంగ ఎయ్యొచ్చు.

## భయాలు

తుఫాన్ వస్తే ఏం చేస్తరు?

సీజన్ చూసుకుని పోతే పెద్ద తుఫాన్ అరుదు. దినాం వచ్చేది స్క్వాల్, ఒక నల్ల మబ్బు కింద 20, 30 నిమిషాలు గాలి ఒక్కసారే 35 నాట్లు దాటి వాన కొడుతది. పగలు దూరం నుంచే కనపడుతది, రాత్రి రాడార్‌ల మచ్చ లెక్క. అందుకే పొద్దుమూకక ముందే చాప తగ్గించి పెట్టుకుంటరు. చాప తగ్గియ్యాల్నా వద్దా అని అనుమానం వచ్చిందంటేనే తగ్గియ్యాల్సిన టైమ్ అయిందని లెక్క. అలలు రెండు మూడు మీటర్లు మామూలే, ఎనక నుంచి వచ్చి పడవను లేపి కింది నుంచి ఎల్లిపోతయి.

మనిషి నీళ్ళల్ల పడితే?

పడనియ్యకపోవుడే మందు. ముందు నుంచి ఎనక దాక డెక్ మీద బలమైన పట్టీలు కడతరు, ఒంటి మీది బెల్టు తాడు దానికి తగిలించి నడుస్తం. రాత్రి ఒక్కడివే ఉన్నప్పుడు ముందు దిక్కుకు పోవుడు బంద్, పని పడితే ఇంకొకల్ని లేపాలె, వాళ్ళు తిట్టినా సరే. ఎందుకింత అంటే ఆరు నాట్లల పోయే పడవ ఒక్క నిమిషంల 185 మీటర్లు దాటిపోతది, అలల నడుమ మనిషి తలకాయ కనపడదు. ఈత వచ్చుడు మంచిదే, కాని అక్కడ బతికిచ్చేది ఈత కాదు, తాడు.

సొరచేపలు, తిమింగలాలు ఏమనయా?

సొరచేపల గురించి మరిచిపోండ్రి. 2020 నుంచి స్పెయిన్, పోర్చుగల్ తీరం పొంట, జిబ్రాల్టర్ కాడ ఓర్కాలు (కిల్లర్ వేల్స్) యాట్ల చుక్కాని ఇరగ్గొడుతున్న మాట నిజమే, కొన్ని పడవలు మునిగినయి గూడ. కెనరీల నుంచి పడమటికి పోయే దారి అది కాదు.

జ్వరమో గుండె నొప్పో వస్తే?

మందుల డబ్బ పెద్దదే ఉంటది. శాటిలైట్ మీద డాక్టర్‌ను అడగొచ్చు, రోమ్‌ల సీఐఆర్ఎం అనే సంస్థ 1935 నుంచి సముద్రం మీద ఉన్నోళ్ళకు ఉచితంగ వైద్య సలహా ఇస్తది. కాని హెలికాప్టర్ అంత దూరం రాదు, నడిమిట్ల ఉంటే ఒడ్డు పది దినాల దూరం. బీపీ, షుగర్ ఉన్నోళ్ళు కెప్టెన్‌కు దాచిపెట్టకుండ్రి, మందులు రెండింతలు పట్టుకుని సగం సగం రెండు చోట్ల పెట్టుకోండ్రి.

పడవ మునిగితే ఎవలొస్తరు?

ఎపర్బ్ అని ఒక పరికరం ఉంటది, బటన్ నొక్కితే 406 మెగాహెర్ట్జ్ మీద శాటిలైట్లకు మన పడవ గుర్తింపు నంబర్, పొజిషన్ తోని సిగ్నల్ పోతది. దాని మీద దగ్గర్ల ఉన్న ఓడలను మళ్ళిస్తరు, గాలి నింపుకునే లైఫ్‌రాఫ్ట్‌ల వాళ్ళ కోసం ఎదురుచూడాలె. మన నేవీల పనిచేసిన అభిలాష్ టామీ సంగతి యాది చేసుకోండ్రి, ఒక్కడే పడవ మీద ప్రపంచం చుట్టొచ్చే గోల్డెన్ గ్లోబ్ రేస్‌కు పోయిండు. 2018 సెప్టెంబర్ 21 నాడు హిందూ మహాసముద్రం దక్షిణాన తుఫాన్ల ఆయన పడవ స్తంభాలు ఇరిగినయి, నడుముకు దెబ్బ తాకి కదలలేకుంట పడున్నడు, మూడు దినాలకు ఒసిరిస్ అనే ఫ్రెంచ్ ఓడ వచ్చి తీసుకపోయింది. ఆయన మళ్ళ అదే రేస్‌కు పోయి 2023 ఏప్రిల్‌ల రెండో స్థానంల పూర్తి చేసిండు.

## ఒడ్డు కనపడ్డంక

దిగంగనే ఏం చేస్తరు, నేలకు మొక్కుతరా?

దిగనియ్యరు ముందు. పసుపు జెండా ఎగరేసి ఉండాలె, కెప్టెన్ ఒక్కడే కాయిదాలు పట్టుకుని ఇమిగ్రేషన్, కస్టమ్స్‌కు పోతడు, ముద్రలు పడ్డంకనే మిగిలినోళ్ళు దిగాలె. దిగినంక నేల ఊగుతది, ఒకటి రెండు దినాలు ఉంటది, స్నానాల గదిల కండ్లు మూసుకుని తలకు పోసుకుంటే గోడ పట్టుకోవాల్సి వస్తది.

వాపస్ గూడ పడవల్నే రావాల్నా?

అవసరం లేదు, క్రూ ఎక్కువమంది విమానంల వస్తరు. వచ్చిన దారిల తిరిగి రాలేరు, గాలి ఎదురు కొడుతది. యూరప్‌కు వాపస్ పోయే పడవలు ఏప్రిల్, మే దాక ఆగి ఉత్తరం దిక్కు తిరిగి అజోర్స్ దీవుల మీదుగ పోతయి. ఆ దారి సలి ఎక్కువ, గాలి ఒక్క తీరుగ ఉండదు, కొత్తోళ్ళు మొదటిసారే దానికి పోకుండ్రి. కరీబియన్‌ల సీజన్ మధ్యల క్రూ దిగిపోయిన పడవలకు మనుషులు కావాలని మెరీనా (యాట్‌లు ఆపే రేవు) నోటీసు బోర్డుల మీద కాయిదాలు అంటిస్తుంటరు, సెలవు మిగిలి ఉంటే దీవి నుంచి దీవికి ఒక వారం తిరిగి ఎక్కడి నుంచి టికెట్ సస్తైతే అక్కడి నుంచి ఎక్కండ్రి.